సెకండ్ హ్యాండ్ రీలు కెమెరా: కొనేముందు వెనక మూత తెరవండి

ప్రశ్న: నమస్కారం సర్. రెండేళ్లుగా డిజిటల్ కెమెరాతో ఫోటోలు తీస్తున్నాను. లెక్క చూస్తే ఇరవై వేలు దాటాయి. గోడకు తగిలించుకోదగ్గవి వాటిలో పది కూడా లేవు. రీలు కెమెరా వాడితే చేయి కుదురుతుందని ఒక స్నేహితురాలు అంటోంది. ఎక్కువ డబ్బు పెట్టలేను. సెకండ్ హ్యాండ్‌లో ఏది తీసుకోవాలి? మోసపోకుండా ఏం చూసుకోవాలి? అసలు దీనివల్ల నిజంగా ఫోటోలు బాగుపడతాయా?
- పేరు వేయొద్దన్న పాఠకురాలు

జవాబు: చివరి ప్రశ్నకే ముందు జవాబు చెబుతానమ్మా. బాగుపడతాయి. అయితే ఆ గొప్ప కెమెరాది కాదు, రీలులో ఉండేవి 36 ఫ్రేములే కావడానిది. డిజిటల్‌లో బొమ్మ బాగా రాకపోతే వెంటనే ఇంకొకటి నొక్కుతాం. ఎందుకు బాగా రాలేదో ఆలోచించే అవసరమే పడదు. రీలులో ఆ వీలు లేదు. నొక్కేముందే ఆలోచించాలి, నొక్కాక ఫలితం కోసం వారం ఆగాలి.

డబ్బు సంగతి కూడా ముందే మాట్లాడుకుందాం. కెమెరా ఒక్కసారి కొంటారు. రీళ్లు, వాటిని కడిగించడం (డెవలప్ చేయించడం), స్కాన్ చేయించడం మాత్రం ఆగని ఖర్చు. అందుకని మీ దగ్గరున్న డబ్బులోంచి పది రీళ్లకీ, వాటిని కడిగించడానికీ ముందు పక్కన పెట్టండి. మిగిలినదానితో కెమెరా వెతకండి. పది రీళ్లకే సరిపోదంటే ప్రస్తుతానికి కొనొద్దు. ఉన్న డిజిటల్ కెమెరానే మాన్యువల్‌లో పెట్టి, వెనక తెర మీద నల్ల టేపు అంటించి, వారానికి 36 మాత్రమే తీయండి. నవ్వుకోకండి, సగం చదువు అందులోనే వచ్చేస్తుంది.

ఇక ఏది కొనాలి? నేర్చుకోవడానికైతే పూర్తిగా మెకానికల్ కెమెరా, దానికి ఒక 50 ఎంఎం లెన్సు. అందరూ మొదట చెప్పే పేరు పెంటాక్స్ కె1000. 1976 నుంచి 1997 దాకా తయారైంది, ఎన్నో ఫోటోగ్రఫీ క్లాసుల్లో పిల్లలు దీంతోనే చేయి తిప్పుకున్నారు. సెల్లు (బ్యాటరీ) లేకపోయినా షట్టర్, అంటే వెలుతురును లోపలికి వదిలే పరదా, పడుతుంది; సెల్లు కావలసింది వెలుతురు కొలిచే లైట్ మీటర్‌కి మాత్రమే. ఒక చిన్న తిరకాసుంది: ఆ మీటర్‌కి ఆఫ్ స్విచ్ లేదు. వాడటం అయిపోగానే లెన్సుకు మూత పెట్టకపోతే సెల్లు ఊరికే అయిపోతుంది. 1977లో వచ్చిన నికాన్ ఎఫ్ఎం, 1982లో వచ్చిన ఎఫ్ఎం2 కూడా మెకానికల్ కెమెరాలే. గట్టివి, కానీ పేరున్నవి కాబట్టి ఆ పేరుకీ డబ్బు కట్టాలి. నన్నడిగితే, పెంటాక్స్ లెన్సులే పట్టే రికో, చినాన్ కెమెరాలు కనిపించినా వదలొద్దు. బొమ్మ పడేది లెన్సులోంచి, పైన చెక్కిన పేరులోంచి కాదు కదా.

కెనాన్ ఏఈ-1 కూడా 1976దే, చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. అయితే దాని షట్టర్ ఎలక్ట్రానిక్. సెల్లు లేకపోతే అది ఉట్టి డబ్బా. ఇలాంటివాటిలో సర్క్యూట్ పోతే విడిభాగాలు దొరకడం కష్టం, అందుకే మొదటి కెమెరాగా నేను చెప్పను. ఒలింపస్ ఓఎం-1 మంచిదే, కాకపోతే దాని మీటర్ పాతకాలపు పాదరసం సెల్లుకు తగ్గట్టు చేసింది. ఆ సెల్లులు ఇప్పుడు తయారు కావడం లేదు. మామూలు సెల్లు వేస్తే మీటర్ తప్పు చెబుతుంది.

ఇప్పుడు అసలు పని. అమ్మేవాళ్లు ఎంత మంచివాళ్లయినా సరే, లోపల రీలు లేదని నిర్ధారించుకుని వెనక మూత తెరవండి. ఒక సెకను వేగం పెట్టి షట్టర్ నొక్కి, చెవి పెట్టి వినండి. ఏళ్ల తరబడి బీరువాలో పడున్న కెమెరాల్లో లోపలి గ్రీజు గట్టిపడిపోతుంది, ఆ ఒక్క సెకను ఈడ్చుకుంటూ మూడు సెకన్లవుతుంది. ఒక్కోసారి మధ్యలోనే ఆగిపోతుంది. తర్వాత లెన్సు తీసేసి, కెమెరాను వెలుతురున్న కిటికీ వైపు పెట్టి, 1/1000 వేగంలో వెనక నుంచి చూస్తూ నొక్కండి. ఫ్రేము మొత్తంలో తళుక్కుమని వెలుగు కనిపించాలి. ఒక పక్క నల్లగానే ఉండిపోతే షట్టర్ పరదాల్లో ఒకటి వెనకబడుతోందన్నమాట. మీ ఫోటోల్లోనూ ఆ పక్క నల్లగానే వస్తుంది.

మూత అంచుల్లో సన్నటి స్పాంజి ఉంటుంది, వెలుతురు దూరకుండా. దాన్ని అగ్గిపుల్లతో తాకి చూడండి. తారులా అంటుకుంటే పాడైపోయినట్టే. దానికి భయపడొద్దు, కొత్తది వేసుకోవడం పెద్ద పని కాదు. బేరానికి మాత్రం పనికొస్తుంది. సెల్లు పెట్టే గూటిలో ఆకుపచ్చ పొక్కు కనిపిస్తే ఆలోచించాల్సిందే.

లెన్సును వెనక నుంచి టార్చి వేసి చూడాలి. ధూళి నాలుగు నలకలుంటే ఏం కాదు. సాలెగూడులాంటి తీగలు కనిపిస్తే అది బూజు, వదిలేయండి. శుభ్రం చేయించినా ఒక్కోసారి అద్దం మీద మచ్చ ఉండిపోతుంది. అపర్చర్ (లెన్సులో వెలుతురు దూరే కన్నం) రేకుల మీద నూనె మెరుపుంటే రేకులు చప్పున మూసుకోవు, బొమ్మ ఎక్కువ వెలుగుతో పడుతుంది. మీటర్ పని చేస్తోందా లేదా అన్నది మీ డిజిటల్ కెమెరాను అదే గోడ వైపు పెట్టి, రెండిటిలోనూ ఒకే ఐఎస్ఓ (వెలుతురుకు ఎంత చురుగ్గా స్పందిస్తుందో చెప్పే అంకె) పెట్టి పోల్చుకుంటే తెలిసిపోతుంది.

రీలు ఎక్కించడంలో నా బుర్రతక్కువతనం ఒకటి చెప్పాలి. నా మొదటి కెమెరా కూడా సెకండ్ హ్యాండే. మా అక్క కూతురి మొదటి పుట్టినరోజుకి పెద్ద ఫోటోగ్రాఫర్‌లా తయారై వెళ్లాను. ఫ్రేములు లెక్కపెట్టే కౌంటర్ 36 దాటింది, 38 దాటింది, రీలు జరిపే లీవర్ ఇంకా హాయిగా తిరుగుతూనే ఉంది. అప్పుడు గుండె జారింది. రీలు కొస అవతలి ఇరుసుకు పట్టుకోనే లేదు. ఆ సాయంత్రమంతా ఒక్క ఫ్రేము కూడా కదల్లేదు. అక్క ఇప్పటికీ ఆ మాట ఎత్తుతుంది. మీకు ఆ గతి పట్టకుండా ఉండాలంటే, మూత వేశాక ఎడమవైపున్న రివైండ్ గుండీని మెల్లగా తిప్పి రీలు బిగువు చేసుకోండి. ఆ తర్వాత లీవర్ లాగినప్పుడల్లా ఆ గుండీ దానంతటదే తిరగాలి. తిరగకపోతే రీలు కదలడం లేదని అర్థం.

మొదటి పది రీళ్లకూ లెన్సు మార్చొద్దు, రీలు రకం మార్చొద్దు. ఇల్ఫర్డ్ హెచ్‌పీ5 ప్లస్ గానీ కొడాక్ ట్రై-ఎక్స్ గానీ, ఐఎస్ఓ 400 నలుపు-తెలుపు ఒకటి పట్టుకోండి. జేబులో చిన్న పుస్తకం పెట్టుకుని ప్రతి ఫ్రేముకూ అపర్చర్, షట్టర్ వేగం, ఎందుకు తీశారో నాలుగు మాటలు రాయండి. ఈ రాతపని బద్ధకంగానే ఉంటుంది, నాకూ ఉండేది. ఫలితం వచ్చాక చూసుకోవాల్సింది స్కాన్‌లని కాదు, నెగెటివ్‌లని. స్కాన్ చేసేటప్పుడు మిషన్ మీ తప్పుల్ని చాలావరకు దిద్దేస్తుంది, నెగెటివ్ దాచదు. నీడలు ఉండాల్సిన చోట ఉత్త గాజులా ఖాళీగా ఉంటే వెలుతురు చాలలేదు. అలాంటప్పుడు పుస్తకంలో ఆ నంబరు తీసి ఏం పెట్టారో చూడండి. నెగెటివ్ రీళ్లు కాస్త ఎక్కువ వెలుతురును ఓర్చుకుంటాయి, తక్కువను ఓర్చుకోవు. సందేహం వస్తే ఎక్కువ వైపే మొగ్గండి.

మీటర్ పాడైనా ఫరవాలేదు. నిండు ఎండలో అపర్చర్ ఎఫ్/16, షట్టర్ వేగం ఐఎస్ఓకి దగ్గరి అంకె, అంటే 400కి 1/500. నీడలోకి వెళ్తే అపర్చర్‌ను మూడు స్టాపులు (మెట్లు) తెరవండి.

ప్రశ్న: తాతయ్య పాత కెమెరా దొరికింది సర్. కౌంటర్ 22 చూపిస్తోంది. లోపల రీలు ఉందేమో ఎలా తెలుస్తుంది?
- మరో పాఠకుడు

జవాబు: మూత తెరవకు నాయనా! రివైండ్ గుండీని బాణం చూపించే వైపు కొద్దిగా తిప్పి చూడు. ఊరికే తిరుగుతూ పోతే బహుశా ఖాళీ. తిరిగి తిరిగి బిగుసుకుంటే రీలు ఉన్నట్టే. అప్పుడు కెమెరా అడుగున ఉన్న చిన్న బటన్ నొక్కి, పూర్తిగా వెనక్కి చుట్టు. పాత రీలు పెళుసుగా ఉంటుంది, తొందరపడితే తెగుతుంది. లాగుడు వదిలేసినట్టు చప్పుడయ్యాక ఇంకో నాలుగు చుట్లు తిప్పి, చీకటి గదిలో తెరువు. కడిగేవాళ్లకు ఇచ్చేటప్పుడు రీలు పాతదని తప్పకుండా చెప్పు. నలుపు-తెలుపు అయితే తాతయ్య కనిపించే అవకాశం ఎక్కువ.