లారీ వెనక్కి వస్తూ కూలీని గుద్దితే తప్పు డ్రైవర్‌దేనా?

మార్కెట్ యార్డుల్లో, క్వారీల్లో లారీ రివర్స్‌లో వస్తూ కూలీని గుద్దితే తప్పు ఎవరిదని అడిగారు. ముమ్మాటికీ ఓనర్‌ది. బండి వెనక్కి వస్తుంటే కిందికి దిగి దారి చూపే క్లీనర్‌ను, జీతం మిగులుతుందని మాన్పించినవాడు ఆయనే కదా.

వరంగల్ ఎనుమాముల మార్కెట్లో ఒక అడ్తి (కమీషన్ వ్యాపారి) దగ్గర గుమాస్తాగా చేశాను. మిర్చి సీజన్లో అక్కడ కాలు పెట్టే సందు ఉండదు. ఒకరోజు సాయంత్రం లోడింగ్‌కు లారీ వెనక్కి వస్తోంది. డ్రైవర్ ఒక్కడే, క్లీనర్ లేడు. మా హమాలీ పెద్దాయన ఘాటుకు ముక్కు, నోరు తువ్వాలతో కట్టుకుని బస్తాలు సర్దుతున్నాడు. ఆపమని అందరం అరిచాం. కాంటాల దగ్గర గోల, పైన ఇంజిన్ మోత, డ్రైవర్‌కు ఏం వినబడుతుంది? అద్దాల్లో పక్కలు కనిపిస్తాయి గానీ బండికి సరిగ్గా వెనకాల ఉన్న మనిషి కనబడడు. లారీకీ బస్తాలకూ మధ్య ఆయన తొడ నలిగింది. బస్తా పగిలి మిరప గింజలు గాయంలో పడ్డాయి. ఆటోలో ఎంజీఎం ఆసుపత్రికి తీసుకుపోతుంటే విరిగిన ఎముక కంటే ఆ మంటకే ఎక్కువ అరిచాడు.

జనం డ్రైవర్‌ను కొట్టారు. రాత్రంతా నిద్ర లేకుండా బండి నడిపి వచ్చినవాడు అతను. ఓనర్ మాత్రం ఫోన్లోనే బేరం మాట్లాడి, రాజీ కాగితం మీద పెద్దాయన వేలిముద్ర వేయించాడు. ఆయన మళ్లీ బస్తా ఎత్తలేదు.

నేషనల్ పర్మిట్ లారీలకు ఇద్దరు డ్రైవర్లు ఉండాలన్న నిబంధన కూడా 2018లో ఎత్తేశారు. బండి వెనక కెమెరా ఉంది కదా అంటారు. మిర్చి దుమ్ములో, కరీంనగర్ గ్రానైట్ క్వారీల బూడిదలో ఆ కెమెరా ఎన్నాళ్లు కనబడుతుంది?

లారీ మీద జీతానికి ఉన్నవాళ్లకు దెబ్బ తగిలితే ఓనర్ పరిహారం ఇవ్వాలని 1923 నుంచే చట్టం ఉంది. హమాలీ దగ్గరికొచ్చేసరికి అడ్తిదారు, ఓనర్ ఇద్దరూ మావాడు కాదంటారు. అందుకే ముందు ఎఫ్‌ఐఆర్ రాయించండి. బండి థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ మీద మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్లో కేసు వేయొచ్చు. దానికి చట్టంలో ఆరు నెలల గడువు పెట్టారు, మంచం మీద ఉండగానే అది గడిచిపోతుంది. ఈలోగా ఎవరు కాగితం తెచ్చినా వేలిముద్ర వేయొద్దు.

హమాలీ సంఘాలు కూలి రేటు కోసం పని ఆపుతాయి, న్యాయమే. క్లీనర్ లేని లారీకి లోడ్ ఎత్తబోమని కూడా ఒక్క సీజన్ గట్టిగా నిలబడితే చాలు, మరుసటి సీజన్‌కు ప్రతి ఓనరూ క్లీనర్‌ను పెట్టుకునే వస్తాడు.