గాలిలో 100 శాతం సరిగ్గా చూపే డీవో (నీటిలో కరిగిన ఆక్సిజన్) మీటరు చెరువులో ఎందుకు ఎక్కువ చూపుతుంది?

రణస్థలం వైపు ఉన్న మీ రొయ్యల చెరువులో ఉప్పు 20 పీపీటీ (వెయ్యి భాగాలకు 20), నీటి వేడి 30 డిగ్రీలు అని రాశారు. తెల్లవారుజామున మీటరు లీటరుకు 4.5 మిల్లీగ్రాములు చూపితే, అదే నీటికి రసాయనాలు కలిపి ఆక్సిజన్‌ను కొలిచే వింక్లర్ కిట్‌తో లీటరుకు 4 మిల్లీగ్రాములే వచ్చాయని, గాలిలో కాలిబ్రేషన్ (మీటరును సరిచూసి సర్దడం) మాత్రం చక్కగా కుదురుతోందని, ఇక దేనిని నమ్మాలని అడిగారు. పూసపాటిరేగ తీరంలో చెరువుల నీటి పరీక్షలు చేసే పనిలో ఉన్నాను కనుక ఈ తేడా నాకు కొత్తది కాదు. మీ మీటరులో ఉప్పు సెట్టింగు సున్నా మీద ఉండి ఉంటుంది, ముందు అది చూడండి.

ప్రోబ్ (మీటరులో నీటిలో ముంచే భాగం) నేరుగా గ్రహించేది ఆక్సిజన్ పాక్షిక పీడనాన్ని, అంటే మొత్తం పీడనంలో ఆక్సిజన్ వంతును మాత్రమే. మిల్లీగ్రాముల అంకెను వేడి, ఉప్పు, గాలి పీడనం ఆధారంగా మీటరు లెక్కగట్టి చూపుతుంది. 30 డిగ్రీల దగ్గర గాలితో సంతృప్తమైన మంచినీటిలో లీటరుకు 7.56 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉంటే, 20 పీపీటీ నీటిలో సుమారు 6.8 మాత్రమే ఉంటుంది, కానీ శాతంలో చూస్తే రెండూ 100 అనే వస్తాయి. అందువల్లనే గాలిలో చేసే కాలిబ్రేషన్ ఈ లోపాన్ని బయటపెట్టదు. మీ 4.5ను 6.8తో గుణించి 7.56తో భాగిస్తే దాదాపు 4 వస్తుంది, అంటే మీ కిట్ చెప్పినదే. కాంతితో కొలిచే ఆప్టికల్ ప్రోబ్‌కు ఈ సవరణ అక్కరలేదని కొందరు అంటారు గానీ, అదీ పాక్షిక పీడనాన్నే కొలుస్తుంది కనుక దానికీ ఇది తప్పదు.

కిట్‌తో సరిపోయేలా మీటరును బలవంతంగా తిప్పడం మాత్రం వద్దు. అలా చేస్తే శాతం చెడుతుంది, ఉప్పు మారిన రోజున మిల్లీగ్రాములూ చెడతాయి. కిట్‌లోనూ ఒక మెలిక ఉంది: నీటిలో నైట్రైట్ ఎక్కువగా ఉంటే, ఆ నైట్రైట్ ప్రభావాన్ని తొలగించే ఎజైడ్ అనే రసాయనం కలపని వింక్లర్ పద్ధతి ఆక్సిజన్‌ను ఉన్నదానికన్నా ఎక్కువ చూపుతుంది.

గాలిలో కాలిబ్రేషన్ చేసేటప్పుడు ప్రోబ్‌ను ఉంచే కప్పు అడుగున తడి స్పాంజి ఉండాలి, కానీ ప్రోబ్ పొర మీద ఒక్క నీటి చుక్క కూడా నిలవకూడదు. మెత్తని కాగితంతో అద్ది తీయండి, రుద్దవద్దు. పొర లోపల ఆవగింజంత గాలి బుడగ కనిపించినా, పొర ముడత పడినా, ద్రావణం మార్చి కొత్త క్యాప్ బిగించాలి. గట్టు మీద ఎండలో కప్పు కాగిపోతుంది కాబట్టి నీడలో ఉంచి, డిగ్రీల అంకె కదలకుండా నిలిచాకే బటన్ నొక్కండి. మీ ప్రోబ్ మీటరు నుంచి వోల్టేజి అందుకునే పోలరోగ్రాఫిక్ రకమైతే ఆన్ చేసిన తరువాత 10 నుంచి 15 నిమిషాలు ఆగాలి, తానే విద్యుత్తు పుట్టించే గాల్వానిక్ అయితే అంత ఆగనక్కరలేదు. సున్నా దగ్గర ప్రోబ్ ఎలా ఉందో చూడాలంటే తాజాగా కలిపిన 5 శాతం సోడియం సల్ఫైట్ ద్రావణం చాలు, ఆ తరువాత ప్రోబ్‌ను బాగా కడగాలి. మన తీరం సముద్రమట్టానికి దగ్గరే కనుక పీడనం సవరణ గురించి మామూలు రోజుల్లో పెద్దగా ఆలోచించనక్కరలేదు.

పెద్ద వాన పడినప్పుడు రిఫ్రాక్టోమీటరుతో ఉప్పు మళ్లీ చూసి, ఆ అంకెను మీటరులో మార్చండి. వాననీరు పైన తేలి ఉంటుంది కనుక ఉప్పుకైనా డీవోకైనా పైనీటితో పాటు అడుగునీటినీ చూడాలి.