ప్లాస్టిక్ ఏరుకునేవాళ్లకు స్కిల్ ట్రైనింగ్ ఇస్తే నిజంగా ఆదాయం పెరుగుతుందా?

పెరుగుతుంది. కాకపోతే ట్రైనింగ్ పెట్టేవాళ్లు అనుకునే దారిలో కాదు. మా నాన్నకు హైదరాబాద్‌లో కాటేదాన్ దగ్గర పాత సామాన్ల కొట్టు ఉంది. డిగ్రీ రోజుల నుంచి సాయంత్రాలు కాటా దగ్గర కూర్చున్నవాణ్ణి కాబట్టి ఈ విషయంలో నాకు కొంచెం నోరెక్కువ, ముందే చెప్తున్నా.

కొన్నేళ్ల కిందట మా బస్తీలోని కమ్యూనిటీ హాల్లో మూడు రోజుల ట్రైనింగ్ పెట్టారు. మా కొట్టుకు మాల్, అంటే ఏరిన ప్లాస్టిక్, వేసే ఆడవాళ్లే ముప్పై మంది దాకా వచ్చారు. బ్యానరు, ప్రొజెక్టరు, మధ్యాహ్నం పులిహోర. అందరికీ గ్లౌజులు కూడా ఇచ్చారు, మగవాళ్ల సైజువి! అవి తొడుక్కుంటే కవరు మూతి కూడా విప్పలేరు. పైగా వీళ్లు ప్లాస్టిక్‌ను సగం వేళ్లతోనే గుర్తుపడతారు. మూడు రోజుల కూలి పోతుంది కదా, దానికేమిస్తారని ఒకావిడ అడిగితే, చివర్లో సర్టిఫికెట్ ఇస్తామన్నారు. దాన్ని ఏ కొట్లో కాటా మీద పెట్టాలో నాకైతే తెలియదు.

ట్రైనర్ కుర్రాడు మంచివాడే. సీసా అడుగున మూడు బాణాల త్రికోణం ఉంటుంది, అందులో అంకె 1 అయితే పెట్ (నీళ్ల బాటిళ్ల ప్లాస్టిక్), 2 అయితే గట్టి పాలిథిన్, 5 అయితే పీపీ (పాలీప్రొపిలీన్) అని చెప్పుకుంటూ పోయాడు. తర్వాత సంచిలోంచి అద్దంలా ఉన్న చిన్న సీసా ఒకటి తీసి, "ఇది పెట్, దీన్ని నీళ్ల బాటిళ్లలో కలపొచ్చు" అన్నాడు. ముందు వరసలో మా పెద్దమ్మ కూర్చుంది. సొంత పెద్దమ్మ కాదు, మాకు ఊహ తెలిసినప్పటి నుంచి కొట్టుకు మూట తెస్తుంది, అందుకే ఆ పిలుపు. చెయ్యి చాపి సీసా అడిగి తీసుకుంది. తిప్పి, అడుగున బొటనవేలి గోరుతో ఒకసారి గీకింది.

"ఇది బాటిల్ మాల్ కాదు సారూ. బాటిల్‌కి అడుగున నడిమిట్ల బొడ్డు ఉంటది. దీనికి గీత ఉంది చూడు."

తర్వాత సీసాను మధ్యకి మడిచింది. మడిచిన చోట తెల్లగా గీత పడింది. పెట్ అయితే అలా తెల్లబడదు. అది పీవీసీ, పైపులు చేసే ప్లాస్టిక్. త్రికోణం కోసం కుర్రాడు సీసా అంతా వెతికాడు, దాని మీద అంకే లేదు. అయినా తెల్లవారుజామున కుండీ దగ్గర, వీధి లైటు వెలుగులో, అంకెలు చదువుకుంటూ ఎవరు ఏరతారండీ? పైగా ఆమెకు చదువు రాదు.

ఆ సీసాలు నాలుగు కలిసినా ఎందుకంత గొడవంటే, పెట్ కరగాలంటే వేడి 250 డిగ్రీలు దాటాలి. పీవీసీ అంతకు చాలా ముందే మాడి ఆమ్లం వదులుతుంది, మాల్ పచ్చబడుతుంది, నల్ల చుక్కలు పడతాయి. ఒకసారి ఫ్యాక్టరీ నుంచి మా లోడు మొత్తం వెనక్కి వచ్చింది. రానుపోను ఆటో కిరాయి మా నెత్తినే పడింది. నాన్న వారం రోజులు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు.

అయితే పెద్దమ్మకు కూడా తెలియనిది ఒకటి ఆ హాల్లోనే తెలిసింది. రెండో రోజు కుర్రాడు ప్రొజెక్టరు కట్టేసి, బకెట్టు నిండా నీళ్లు తెచ్చాడు. కత్తెరతో సీసా ముక్కలు, మూత ముక్కలు, సీసాకు చుట్టూ బిగుతుగా తొడిగే రంగుల కవరు ముక్కలు కోసి నీళ్లలో వేశాడు. మూత తేలింది, సీసా మునిగింది. కవరు కూడా మునిగింది. అలాంటి కవర్లు చాలావరకు పీవీసీవే. అంటే ఫ్యాక్టరీలో కడిగే తొట్టిలో మూత దానంతటదే విడిపోతుంది గానీ, కవరు మాత్రం సీసాతోపాటే అడుక్కి పోతుంది. "కవరే కదా, తేలుతది అనుకున్న" అంది పెద్దమ్మ. ఇన్నేళ్లూ మూతలు తీసి, కవర్లు వదిలేసేది. తీసేవాళ్లకు ఎక్కువ ఇస్తామని మేం మాత్రం ఎప్పుడు చెప్పాం గనక?

మూడు రోజుల్లో పనికొచ్చింది ఆ బకెట్టు ఒక్కటే, నా లెక్కలో. మిగతా టైమంతా వాళ్లకు వచ్చిన విద్యనే వాళ్లకు నేర్పారు.

మధ్యలో ఇంకో మాట. చిప్స్ ప్యాకెట్లకు ఏ ట్రైనింగూ లేదు. ప్లాస్టిక్ పొరల మధ్య అల్యూమినియం పొర, విడదీయడం ఎవరి తరం? 2022 జులై 1 నుంచి నిషేధించిన జాబితాలో స్ట్రాలు, చెవిపుల్లలు ఉన్నాయి గానీ, మా కొట్టు ముందు గుట్టలుపడే ఈ ప్యాకెట్లు లేవు. తడి చెత్తలో డైపర్ చుట్టి పడేసే అపార్ట్‌మెంట్ జనం గురించి మొదలుపెడితే ఈ జవాబు తెల్లారినా అవ్వదు. ట్రైనింగ్ ముందు వాళ్లకే ఇవ్వాలి.

ట్రైనింగ్ కాకుండా ఇంకో దారీ ఉంది. పుణెలో చెత్త ఏరుకునేవాళ్ల 'స్వచ్ఛ్' సహకార సంఘం 2008లో మొదలైంది. అక్కడ ఏరుకునేవాళ్లే ఇంటింటికీ వెళ్లి చెత్త తీసుకుంటారు, ఇంటివాళ్లు నెలకింతని ఇస్తారు, ఏరిన మాల్ అమ్మిన డబ్బూ వాళ్లదే. వాళ్ల వెనక 1993 నుంచి యూనియన్ ఉంది. ఇలాంటి పనివాళ్లను గుర్తించి పనిలో కలుపుకోవాలని 2016 ఘనవ్యర్థాల నియమాల్లో కూడా రాశారు. మా బస్తీలో ఎవరినీ కలుపుకున్నట్టు నేను చూడలేదు.

అసలు సంగతికొస్తా. ట్రైనింగ్ అయిన వారం తర్వాత పెద్దమ్మ మూట తెచ్చింది. మూతలు వేరు, కవర్లు వేరు, తెల్ల సీసాలు వేరు, ఆకుపచ్చవి వేరు. కాటా మీద పెడితే ఇరవై కిలోలు చూపించింది. నాన్న అలవాటు ప్రకారం పద్దెనిమిదికి లెక్క కట్టాడు. పదికి కిలో తరుగు, మా కొట్లో తాత కాలం నుంచీ ఉన్నదే.

"తరుగు దేనికి?" అంది పెద్దమ్మ.

"తడి, మట్టి, మూతలు, కవర్లు..." అంటూ నాన్న వేళ్లు మడుస్తున్నాడు.

"మూతలు ఈడున్నయి. కవర్లు ఈడున్నయి. పొద్దున్నుంచి ఎండల పెట్టిన. ఇంక తరుగు దేనికి కొడుకా?"

నాన్న నా వైపు చూశాడు. నేను కాటా వైపు చూశాను. ఆ రోజు పందొమ్మిదికి డబ్బులిచ్చాడు. మర్నాడు ఇంకో ఇద్దరు ఆడవాళ్లు కవర్లు ఒలిచి, విడిగా మూట కట్టుకుని మరీ తెచ్చారు. ఇప్పుడు మా కొట్లో పదికి అరకిలో తరుగు. అది కూడా తీసేయమని ఇంట్లో నేను గొడవపెడుతూనే ఉన్నా. "నువ్వు కూడా ట్రైనింగ్‌కి పోయొచ్చినవు కదా" అంటాడు నాన్న.