గిటార్ గుయ్‌మంటే పికప్‌లు మార్చకండి, ముందు ఎర్త్ చూడండి

ప్రశ్న: విజయవాడ పటమటలో ఉంటాను. కిట్ తెప్పించుకుని స్ట్రాట్ (ఫెండర్ స్ట్రాటోకాస్టర్) తరహా ఎలక్ట్రిక్ గిటార్ సొంతంగా బిగించాను. ఆంప్‌కి పెట్టగానే గుయ్‌మని ఒకటే హమ్. తీగల మీద చెయ్యి వేసినా తేడా లేదు. జాక్ ప్లేటు (కేబుల్ గుచ్చే చోటి రేకు) ముట్టుకుంటే మాత్రం బాగా తగ్గుతోంది. కిట్‌లో వచ్చిన, తీగల శబ్దాన్ని పట్టే పికప్‌లు నాసిరకమా? మంచివి ఏవి కొనాలి?

జవాబు:

ఏవీ కొనకండి. మీ గిటార్‌కి ఏమైందో మీ ప్రశ్నలోనే ఉంది. జాక్ ప్లేటు ముట్టుకుంటే తగ్గుతోందంటే జాక్ దాకా ఎర్త్ సరిగ్గానే వచ్చింది. తీగలు ముట్టుకుంటే మార్పు లేదంటే అక్కణ్నుంచి బ్రిడ్జికి (తీగలు కింది కొసన ఆనే లోహపు భాగానికి) పోవాల్సిన వైరు అయినా లేదు, ఉన్నా అంటుకోలేదు. దీనికి కావలసింది జానెడు వైరు, ఒక చుక్క లెడ్డు (సోల్డర్). ఆరేడు వేలు పెట్టి పికప్‌లు మార్చినా ఈ హమ్ ఇలాగే ఉంటుంది.

ఈ ముట్టుకునే పరీక్ష అందరికీ పనికొస్తుంది. తీగలు ముట్టుకోగానే హమ్ తగ్గితే బ్రిడ్జి ఎర్త్ బాగుంది, లోపల షీల్డింగ్ (బయటి హమ్‌ని ఆపే లోహపు పొర) చాలడం లేదు. ఏ మార్పూ లేకపోతే మీ కేసు. ముట్టుకుంటే ఇంకా పెరిగితే జాక్ దగ్గర రెండు వైర్లు తారుమారయ్యాయి. ఈ మూడోది సొంతంగా బిగించుకున్న గిటార్లలో చాలా ఎక్కువ, ఎందుకంటే తారుమారైనా శబ్దం మామూలుగానే వస్తుంది, అనుమానం రాదు. జాక్‌లోకి ప్లగ్గు దూర్చి చూడండి. ప్లగ్గు కొసని పట్టుకునే పొడవాటి వంకర రేకు ఏ కాలుకి కలిసి ఉందో అది సిగ్నల్. గుండ్రటి మెడకి కలిసిన కాలు ఎర్త్.

హమ్ ఎక్కణ్నుంచి వస్తుందో అర్థమైతే సగం రిపేరు అయిపోయినట్టే. సింగిల్ కాయిల్ పికప్ అంటే అయస్కాంతాల చుట్టూ వెంట్రుక మందం రాగి తీగ, 42 గేజిది, ఏడెనిమిది వేల చుట్లు. ఇంట్లో తిరుగుతున్న 230 వోల్టుల కరెంటు సెకనుకి 50 సార్లు ఊగుతుంటే ఆ ఊపుని అది పట్టేస్తుంది. మనిషి ఒళ్లు కూడా యాంటెన్నాలాగే ఆ ఊపుని పట్టి పికప్ పక్కకి చేరుస్తుంది. తీగల్ని ఎర్త్ చేస్తే వాటిని పట్టుకున్న మనిషి కూడా ఎర్త్ అవుతాడు, ఆ భాగం పోతుంది. యూట్యూబ్‌లో అమెరికావాళ్లు 60 సైకిల్ హమ్ అంటుంటారు, మనది 50. దాని రెట్టింపు 100 కూడా వినిపిస్తుంది. ఆరో తీగ మూడో ఫ్రెట్ జి స్వరం 98 హెర్ట్జ్. మీ హమ్ ఆ స్వరానికి కాస్త పైన ఉంటే అది మెయిన్స్ కరెంటుదే. అలా కాకుండా జర్రున కీచుగా ఉంటే ఎర్త్ వదిలేసి గదిలో చూడండి. గుండీ తిప్పితే మెల్లగా తగ్గే ఫ్యాన్ రెగ్యులేటర్, చవక ఎల్‌ఈడీ బల్బు, కరెంటు పోయినప్పుడు నడిచే స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్, ఈ మూడింట్లో ఒకటి అయ్యుంటుంది. ఒక్కొక్కటీ ఆపి చూస్తే తేలిపోతుంది.

ఇలాంటిదే ఒక గిటార్ గుంటూరు నుంచి రిపేరుకి వచ్చింది. చర్చిలో వాయించే కిట్ స్ట్రాట్, అప్పటికే రెండుసార్లు పికప్‌లు మార్చారు. హమ్ ఒక్కోసారి ఉంటుంది, ఒక్కోసారి ఉండదు. మల్టీమీటర్‌ని కంటిన్యూటీలో (వైరు కలిసి ఉంటే బీప్ ఇచ్చే చోట) పెట్టి ఒక పిన్ను జాక్ ఎర్త్‌కి, ఇంకోటి బ్రిడ్జికి తాకిస్తే బీప్ వచ్చింది. ఇక్కడే అందరూ మోసపోతారు. మీటర్ అలాగే ఉంచి ట్రెమొలో కడ్డీ (బ్రిడ్జిని కదిపి స్వరాన్ని ఊపేది) నొక్కితే బీప్ తెగిపోయింది, వదిలితే మళ్లీ వచ్చింది. వెనక మూత విప్పితే స్ప్రింగులు తగిలించే ఇనప పట్టీ కనిపిస్తుంది, దాన్ని క్లా అంటారు. నల్ల వైరు దాని మీదే ఉంది. వైరు కొసన లెడ్డు శనగగింజంత గుండ్రంగా, మెరుస్తూ ఉంది. గోటితో తోస్తే ఊడి వచ్చింది. కింది వైపు అద్దంలా నున్నగా ఉంది, చుట్టూ బంక కట్టిన రెసిన్ గోధుమ రంగు వలయం. లెడ్డు ఇనుముకి అసలు అంటుకోనే లేదు, ఇన్నాళ్లూ ఆ బంకే పట్టి ఉంచింది. రెండుసార్లు పికప్‌లు మార్చినా ఆ వెనక మూత ఒక్కసారీ విప్పలేదు.

ఎందుకిలా అవుతుందంటే, ఆ పట్టీ దళసరి ఇనుము. మొబైల్ రిపేరుకి వాడే 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్ వేడిని అది పీల్చేసుకుంటుంది. లెడ్డు కరుగుతుంది, ఇనుము మాత్రం చల్లగానే ఉంటుంది. 60 వాట్ల ఐరన్, వెడల్పు మొన ఉండాలి. ముందు పట్టీని ఒకచోట రూపాయి బిళ్లలో సగమంత మేర గరుకు కాగితంతో పూత పోయి లోహం కనిపించేదాకా గీకండి. ఐరన్ మొనని ఆ చోట అయిదారు సెకన్లు అదిమి, లెడ్డుని ఐరన్‌కి కాకుండా ఇనుముకి తాకించండి. ఇనుము వేడికే లెడ్డు కరిగి నీళ్లలా పరుచుకోవాలి. తర్వాత ముందే లెడ్డు పూసిన వైరుని అందులో ముంచి, చల్లారేదాకా కదలకుండా పట్టుకోండి. లెడ్డు అంచు పల్చగా పాకి ఉంటే అంటుకున్నట్టు, బంతిలా నిలబడితే అంటుకోనట్టు. పాట్ల (వాల్యూమ్, టోన్ గుండీల కింద ఉండే భాగాల) వీపు మీద ఎర్త్ వైర్లు అతికించేటప్పుడూ ఇదే పద్ధతి. కాకపోతే అక్కడ మూడు నాలుగు సెకన్లు దాటితే లోపలి కార్బన్ ట్రాక్ కాలుతుంది. లెడ్డు 60/40 రెసిన్ కోర్, 0.8 మిల్లీమీటర్లది తీసుకోండి. రేకు పనికి వాడే యాసిడ్ ఫ్లక్స్ దగ్గరికి రానివ్వకండి, ఆర్నెల్లలో వైరు పచ్చబడి తెగుతుంది.

మీది ట్రెమొలో లేని బ్రిడ్జి అయితే వైరు కొస ఒలిచి బ్రిడ్జి ప్లేటు కింద పరిచి బిగిస్తారు. ప్లేటు కింద పెయింటు ఉన్నా ఫర్వాలేదు, వైరు లోహానికి నొక్కుకుంటే చాలు. రెండు లావు స్టడ్లమీద నిలబడే బ్రిడ్జి అయితే వైరు స్టడ్ బుష్ (స్టడ్ దిగే లోహపు గొట్టం) పట్టే రంధ్రం పక్కగా వచ్చి బుష్‌కి ఒరుసుకోవాలి. చాలా కిట్లలో ఆ వైరు వెళ్లే సన్న రంధ్రమే తొలిచి ఉండదు, లేదా పెయింటుతో పూడిపోయి ఉంటుంది. నల్ల పూత ఉన్న బ్రిడ్జిల్లో ఇంకో చిక్కు ఉంది: ప్లేటుకి బీప్ వస్తుంది, తీగకి రాదు. అందుకే పిన్ను ఎప్పుడూ తీగ మీదే పెట్టి చూడండి. ఆరు తీగలకీ ఒక ఓమ్ చుట్టుపక్కల రావాలి.

మళ్లీ ఆ గుంటూరు గిటార్ సంగతి. క్లా మీద వైరు సరిగ్గా అతికించాక హమ్ సగమే తగ్గింది. మిగతా సగం ఆంప్ ప్లగ్గులో ఉంది. రెండు పిన్నుల జంక్షన్ బాక్సులో పట్టడం కోసం పైన ఉండే లావు పిన్ను కోసేశారు. దీని గురించి ఎంత చెప్పినా తక్కువే. గిటార్‌లో మనం ఎర్త్ అంటున్నదంతా కేబుల్ షీల్డ్ మీదుగా ఆంప్ ఛాసిస్‌కి (లోపలి లోహపు పెట్టెకి), అక్కణ్నుంచి ఆ పిన్ను దారిన భూమిలోకి పోవాలి. పిన్ను కోసేస్తే ఛాసిస్ గాల్లో తేలుతుంది. మీటర్ పెడితే ఛాసిస్ మీద వంద వోల్టుల చుట్టుపక్కల కనిపించవచ్చు. వాయించేవాడి పెదవి మైకుకి తగలగానే చురుక్కుమంటుంది. మన క్రిస్మస్ స్టేజీల మీద, పెళ్లి ఆర్కెస్ట్రాల్లో దాన్ని నవ్వుకుని వదిలేస్తారు. అది నవ్వుకునేది కాదు. ఆంప్ లోపల ఇన్సులేషన్ దెబ్బతిన్న రోజున పూర్తి 230 తీగల మీదికి వస్తుంది. 1972లో వేల్స్‌లోని స్వాన్సీలో లెస్లీ హార్వీ అనే గిటారిస్టు స్టేజీ మీదే మైకు ముట్టుకుని చనిపోయాడు. స్టేజీ ఎక్కాక మీటర్‌ని ఏసీ 750 రేంజిలో పెట్టి ఒక పిన్ను తీగకి, ఒకటి మైకు జాలీకి తాకించండి. రెండు మూడు వోల్టులు దాటితే వాయించకండి.

ఇంట్లో కూడా సాకెట్‌లో మూడో రంధ్రం ఉన్నంత మాత్రాన దాని వెనక ఎర్త్ ఉందనుకోకండి. ఫేజుకి ఎర్త్‌కి మధ్య 230 దగ్గర రావాలి, న్యూట్రల్‌కి ఎర్త్‌కి మధ్య ఒకటి రెండు వోల్టులు మించకూడదు. ఇది కరెంటు ఉన్న సాకెట్, మీటర్ వాడటం అలవాటు లేకపోతే ఎలక్ట్రీషియన్ చేత చూపించండి. మన దగ్గర ఎండాకాలంలో ఇది మారిపోతుంది. గుంటూరు వైపు నల్లరేగడి మే నెలకి ఎండి నెర్రెలిస్తుంది, ఉప్పు బొగ్గు వేసి పూడ్చిన ఎర్త్ పైపు చుట్టూ మట్టి వదులైపోతుంది. ఫిబ్రవరిలో నిశ్శబ్దంగా ఉన్న గిటార్ మేలో గుయ్‌మంటే ఎర్త్ గోతిలో నాలుగు బిందెల నీళ్లు పోసి మర్నాడు మళ్లీ వినండి. అపార్టుమెంట్లలో ఆ గొయ్యి ఎక్కడుందో వాచ్‌మన్‌కి కూడా తెలియకుండా దాని మీద టైల్స్ పరిచేస్తున్నారు.

బ్రిడ్జి వైరు పెట్టాక, తీగలు ముట్టుకుంటే తగ్గి చెయ్యి తీస్తే పెరుగుతుంటే అప్పుడు షీల్డింగ్. పాట్లు, స్విచ్ ఉండే గుంతకీ, పికప్ గుంతలకీ 25 మిల్లీమీటర్ల రాగి రేకు టేపు అంటించండి. జిగురు కూడా కరెంటు పోనిచ్చే రకం కావాలి. లేకపోతే రేకు మీద రేకు వేసినచోటల్లా చిన్న లెడ్డు చుక్క పెట్టాలి. ఏ మూల నుంచి ఏ మూలకైనా బీప్ రావాలి, ఆ రేకు నుంచి ఒక వైరు పాట్ వీపుకి పోవాలి. ఇక్కడ వడ్రంగి చేత టేకు బాడీ చేయించుకున్నవాళ్లు గుంత లోపల గరుకు కాగితం పట్టి సీలర్ ఒక పూత వేశాక అంటించండి, టేకులోని నూనెకి టేపు నిలవదు. అంతా బిగించాక శబ్దమే రాకపోతే భయపడకండి. పిక్‌గార్డ్ (బాడీ ముందుండే ప్లాస్టిక్ పలక) స్క్రూలు వదులు చేస్తే వచ్చి, బిగిస్తే పోతుంటే పికప్‌లు మార్చే ఐదు స్థానాల స్విచ్ కాళ్లు గుంత గోడ రేకుకి తగులుతున్నట్టు. ఆ గోడ మీద ఇన్సులేషన్ టేపు రెండు వరసలు వేస్తే సరి.

పికప్‌లు బాగున్నాయో లేదో తేల్చుకోవాలంటే మీటర్‌ని 20కె రేంజిలో పెట్టి, గిటార్‌కి కేబుల్ గుచ్చి, వాల్యూమ్ పూర్తిగా తెరిచి కేబుల్ అవతలి కొసన కొలవండి. సింగిల్ కాయిల్‌కి 5.5 నుంచి 6.5 కిలో ఓమ్‌ల మధ్య వస్తే పికప్ బాగున్నట్టే. స్విచ్ 2, 4 స్థానాల్లో దాదాపు సగం, మూడు కిలో ఓమ్‌ల దగ్గర రావాలి, ఎందుకంటే అక్కడ రెండు పికప్‌లు పక్కపక్కన (ప్యారలల్‌గా) కలుస్తాయి. ఏమీ చూపించకపోతే తెగినట్టు, సున్నా అయితే ఎక్కడో ఎర్త్‌కి తగిలినట్టు. 2, 4 స్థానాల్లో శబ్దం బేస్ పోయి ముక్కుతో పాడినట్టుంటే ఒక పికప్ వైర్లు తిరగబడ్డాయి.

తర్వాత ఎప్పుడైనా హంబకర్ (రెండు కాయిళ్ల పికప్) పెట్టేవాళ్లకి ఒక మాట. వైర్ల రంగులు కంపెనీకో రకం. సేమోర్ డంకన్‌లో నలుపు సిగ్నల్, ఎరుపు తెలుపు కలిపి అతికించాలి. డిమార్జియోలో ఎరుపు సిగ్నల్, నలుపు తెలుపు కలపాలి. రెండింట్లోనూ ఆకుపచ్చ, ఒలిచిన వైరు ఎర్త్‌కి. డంకన్ బొమ్మ చూసి డిమార్జియోని కలిపితే ఒక కాయిల్ తిరగబడుతుంది. పల్చటి శబ్దం, దానికి తోడు హమ్ రెట్టింపు. 1955లో సేత్ లవర్ గిబ్సన్‌లో హంబకర్‌ని తయారుచేసిందే హమ్ కొట్టెయ్యడానికి. దాన్ని కూడా హమ్ అనిపించేలా కలిపి, ఆ తప్పు పికప్ మీద వేస్తున్నారు. కిట్ అమ్మేవాళ్లు ఏ రంగు ఏదో ఒక చీటీ ముక్క మీద రాసి పెట్టలేరా? పాట్లు కూడా అంతే. సింగిల్ కాయిల్‌కి 250కె, హంబకర్‌కి 500కె అని రాసి ఉండదు, కొలిస్తే ఏదో ఒకటి వస్తుంది. మార్చాలనుకుంటే రంధ్రం ముందు చూసుకోండి: చిన్న పాట్లకి 7 మిల్లీమీటర్లు, అమెరికన్ సైజు పాట్లకి 9.5. టోన్ కెపాసిటర్ మీద 473 అని ఉంటే 0.047, 223 అంటే 0.022 మైక్రోఫారడ్. రేడియో రిపేరు సామాన్ల కొట్లో, హైదరాబాద్ కోఠీ గుజరాతీ గల్లీలో కొన్ని రూపాయలకే దొరికేదాన్ని పాతకాలపు శబ్దం పేరుతో వేలకి అమ్ముతున్నారు. విలువ ఒకటే అయితే చెవికి తేడా లేదు.

ఇంత చేశాక కూడా కొంచెం హమ్ మిగులుతుంది. గిటార్ పట్టుకుని ఆంప్ ముందు మెల్లగా పక్కకి తిరగండి. ఒక దిక్కుకి పూర్తిగా తగ్గి, ఇంకో దిక్కుకి పెరుగుతుంటే అది ట్రాన్స్‌ఫార్మర్ అయస్కాంత క్షేత్రాన్ని కాయిల్ పట్టడం. రాగి రేకు దాన్ని ఆపలేదు. మధ్య పికప్ తిరగేసి చుట్టిన రకం అయితే 2, 4 స్థానాల్లో అదీ పోతుంది. 1, 3, 5 స్థానాల్లో మిగిలిన ఆ కాస్త మిమ్మల్ని ఇబ్బంది పెడితే అప్పుడు పికప్‌ల గురించి ఆలోచిద్దాం. ముందు వెనక మూత విప్పి, మీ బ్రిడ్జి ఏ రకమో, నల్ల వైరు ఎక్కడిదాకా వచ్చి ఆగిందో ఫోటో పెట్టండి. వైరు ఎటునుంచి తియ్యాలో చెప్తాను.