కమ్యూనిటీ కాలేజీ నుంచి యూనివర్సిటీకి: చేతిలోని సీటు వదులుకోవచ్చా?

ప్రశ్న: మేము చాలా ఏళ్లుగా కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో ఉంటున్నాము. మా అమ్మాయి ఈ జూన్‌లో హైస్కూల్ పూర్తి చేస్తుంది. ఎకనామిక్స్ గానీ స్టాటిస్టిక్స్ గానీ చదవాలని ఆమె కోరిక. రాష్ట్ర ప్రభుత్వ యూనివర్సిటీ అయిన యూసీ (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా) క్యాంపస్‌లు బర్క్‌లీ, యూసీఎల్‌ఏ, డేవిస్‌లలో సీటు రాలేదు. మరో రాష్ట్రంలోని ప్రభుత్వ యూనివర్సిటీలో సీటు వచ్చింది కానీ, బయటి రాష్ట్రం వారికి వేసే ఫీజుతో, హాస్టల్ ఖర్చుతో కలిపి ఏడాదికి 55 వేల డాలర్లు దాటుతుంది. రెండేళ్లు డి ఆంజా అనే కమ్యూనిటీ కాలేజీలో (డిగ్రీ మొదటి రెండేళ్ల చదువు చెప్పే ప్రభుత్వ కాలేజీ) చదివి యూసీకి ట్రాన్స్‌ఫర్ అవుతానని అమ్మాయి అంటోంది. మాకు ఇంకా గ్రీన్‌కార్డు రాలేదు, ఆమె హెచ్4 వీసా (హెచ్1బీ ఉద్యోగుల కుటుంబానికి ఇచ్చేది) మీద ఉంది. కమ్యూనిటీ కాలేజీ అంటే చదువు రానివాళ్లు చేరేదని ఊళ్లో మావాళ్లు అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: మీ అమ్మాయి ఎంచుకున్న దారి మంచిదే, ఆమె కోరుకుంటున్న మేజర్లకు (ప్రధాన సబ్జెక్టులకు) ఇంకా నప్పుతుంది. ఆమె కంప్యూటర్ సైన్స్ చదువుతానని ఉంటే, ట్రాన్స్‌ఫర్‌లో ఆ మేజర్‌కున్న పోటీ దృష్ట్యా, చేతికొచ్చిన సీటు గురించి మరోసారి ఆలోచించమని చెప్పేవాణ్ణి. ఎకనామిక్స్, స్టాటిస్టిక్స్ విషయంలో అంత భయం అక్కర్లేదు.

ముందు మీవాళ్ల మాట గురించి చెప్పాలి. మన దగ్గర పాలిటెక్నిక్ చదివి, ఈసెట్ రాసి, బీటెక్ రెండో ఏడాదిలో చేరినవాళ్లను ఎవరూ తక్కువగా చూడరు. ఇదీ అలాంటి దారే. ఇది పక్కదారి కూడా కాదు. కాలిఫోర్నియా రాష్ట్రం 1960లో ఉన్నత విద్యకు మాస్టర్ ప్లాన్ రూపొందించుకున్నప్పుడే కమ్యూనిటీ కాలేజీలలో మొదటి రెండేళ్లు చదివినవారు యూనివర్సిటీ మూడో ఏడాదిలో చేరే ఏర్పాటును అందులో భాగం చేసింది. హైస్కూల్ నుంచి నేరుగా మొదటి ఏడాదిలో చేరే ఇద్దరు విద్యార్థులకు (ఫ్రెష్‌మెన్) ఒక ట్రాన్స్‌ఫర్ విద్యార్థిని చేర్చుకోవాలన్నది యూసీ లక్ష్యం, ఆ ట్రాన్స్‌ఫర్‌లలోనూ కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీలవారికే మొదటి ప్రాధాన్యం. చివరికి చేతికి వచ్చేది యూనివర్సిటీ పట్టానే.

డబ్బు లెక్కలో సందేహానికి చోటు లేదు. కమ్యూనిటీ కాలేజీలో రాష్ట్ర నివాసితులకు సెమిస్టర్ యూనిట్‌కు (యూనిట్ అంటే కోర్సు క్రెడిట్) 46 డాలర్లు. డి ఆంజాలో సెమిస్టర్ కన్నా చిన్న టర్ములుండే క్వార్టర్ పద్ధతి కనుక యూనిట్‌కు 31 డాలర్లు. ట్రాన్స్‌ఫర్‌కు కావలసిన 90 క్వార్టర్ యూనిట్లకు మొత్తం 2,790 డాలర్లు అవుతుంది, పుస్తకాలు, చిల్లర ఫీజులు, రాకపోకల ఖర్చు వేరు. అదే రెండేళ్లకు బయటి రాష్ట్రంలో మీరు కట్టవలసింది లక్షా పది వేల డాలర్లకు పైనే. హెచ్4 మీద ఉన్న విద్యార్థికి ఫెడరల్ ఆర్థిక సాయం రాదు కాబట్టి ఆ భారమంతా మీ జీతం మీదో అప్పు మీదో పడుతుంది.

అసలు శ్రద్ధ పెట్టవలసింది కోర్సుల ఎంపిక మీద. ఈ దారిలో దెబ్బతినేవాళ్లలో చాలామంది మార్కులు తక్కువై దెబ్బతినరు. అవసరం లేని కోర్సులతో మొదటి ఏడాది గడిపి, అవసరమైనవి రెండో ఏడాది చివరికి నెట్టుకుని, దరఖాస్తు నాటికి అర్హత లేకుండా మిగిలిపోతారు. కాలేజీలో ఏ కోర్సు ఏ యూసీ క్యాంపస్‌లోని ఏ కోర్సుకు సమానమో చూపించే అసిస్ట్ అనే ప్రభుత్వ వెబ్‌సైట్ ఉంది. మొదటి క్వార్టర్‌కు పేరు నమోదు చేసుకునే ముందే మీ అమ్మాయి అందులో డి ఆంజాను ఒకవైపు, బర్క్‌లీ, డేవిస్, శాంటా బార్బరా వంటి రెండు మూడు క్యాంపస్‌లను మరోవైపు పెట్టి, ఎకనామిక్స్‌కూ స్టాటిస్టిక్స్‌కూ విడివిడిగా ఏమేం కావాలో రాసుకోవాలి. రెండింటికీ కాలిక్యులస్ కావాలి. స్టాటిస్టిక్స్‌కు మల్టీవేరియబుల్ కాలిక్యులస్, లీనియర్ ఆల్జీబ్రా కూడా అడుగుతారు. కాబట్టి ఏ మేజరో ఇంకా తేల్చుకోకపోయినా మొదటి క్వార్టర్‌లోనే కాలిక్యులస్ మొదలుపెడితే రెండు దారులూ తెరిచే ఉంటాయి, ఆలస్యం చేస్తే స్టాటిస్టిక్స్ దారి దానంతటదే మూసుకుపోతుంది.

ఇక్కడే ఇంకో జాగ్రత్త చెప్పాలి. మీ ఫ్రీమాంట్‌లోనే ఉన్న ఓలోన్ అనే కమ్యూనిటీ కాలేజీ సెమిస్టర్ పద్ధతిలో నడుస్తుంది, డి ఆంజా క్వార్టర్ పద్ధతిలో నడుస్తుంది. ఇంటికి దగ్గరని ఒక గణితం కోర్సు అక్కడా, తర్వాతిది ఇక్కడా చేస్తే మధ్యలో కొన్ని పాఠాలు జారిపోతాయి, ఏ కోర్సు దేనికి సమానమో చూపే అసిస్ట్ పట్టికలోనూ చిక్కులు వస్తాయి. ఒక వరుసలోని కోర్సులన్నీ ఒకే కాలేజీలో పూర్తి చేయడం మేలు. క్వార్టర్ అంటే పన్నెండు వారాలు, మూడో వారానికే మొదటి పరీక్ష వచ్చే అవకాశం ఉంటుంది. హైస్కూల్ వేగానికి అలవాటుపడిన పిల్లలు మొదటి క్వార్టర్‌లో తడబడటం సహజం కనుక అప్పుడే కష్టమైన కోర్సులన్నీ ఒకేసారి ఎత్తుకోకూడదు. కమ్యూనిటీ కాలేజీలో సీ గ్రేడ్ వచ్చిన కోర్సును మార్కులు పెంచుకోవడానికి మళ్లీ చదవనివ్వరు, ఆ గ్రేడ్ అలాగే ఉండిపోతుంది. ఈ సంగతి చాలామంది తల్లిదండ్రులకు తెలియదు.

యూసీ క్యాంపస్‌లలో ఆరు (డేవిస్, శాంటా బార్బరా, ఇర్వైన్, శాంటా క్రజ్, రివర్‌సైడ్, మెర్సెడ్) నిర్ణీత కోర్సులు, నిర్ణీత జీపీఏ (గ్రేడ్ల సగటు) సాధించినవారికి ముందుగానే సీటుకు హామీ ఇస్తాయి. దీన్ని ట్యాగ్ అంటారు. ట్రాన్స్‌ఫర్‌కు ముందు సంవత్సరం సెప్టెంబరు నెలలోనే దీనికి దరఖాస్తు చేయాలి, అదీ ఒక్క క్యాంపస్‌కే. ఆ తర్వాత మామూలు దరఖాస్తులో ఎన్ని క్యాంపస్‌లకైనా రాసుకోవచ్చు. బర్క్‌లీ, యూసీఎల్‌ఏ, శాన్ డియేగోలకు ఈ హామీ లేదు. మీ అమ్మాయికి నా సలహా, డేవిస్‌కో శాంటా బార్బరాకో ట్యాగ్ పెట్టుకుని, దాని మీద నిలబడి బర్క్‌లీకి ప్రయత్నించడం. హామీ ఉన్న క్యాంపస్‌లో చేరడానికి ఆమె మనస్ఫూర్తిగా సిద్ధపడితేనే ఈ దారిలోకి రావాలి. బర్క్‌లీ తప్ప మరేదీ వద్దనుకుంటే రెండేళ్ల తర్వాత మళ్లీ ఇదే నిరాశ ఎదురుకావచ్చు. ట్రాన్స్‌ఫర్ దరఖాస్తులో హైస్కూల్ మార్కుల కన్నా కాలేజీ మార్కులకే విలువ ఎక్కువ, ఎస్‌ఏటీ ఊసే ఉండదు. ఈ ఏడాది వచ్చిన తిరస్కారాలు ఆమె వెంట రావు.

నష్టాలు లేవని చెప్పను. డి ఆంజాలో తరగతి ముగియగానే చాలామంది ఇళ్లకు వెళ్లిపోతారు, స్నేహాలు కుదరడానికి వెతుక్కుని వెళ్లాలి. యూనివర్సిటీలో చేరేది మూడో ఏడాదిలో కాబట్టి ప్రొఫెసర్లతో పరిచయం పెంచుకోవడానికీ, ఇంటర్న్‌షిప్‌కు ప్రయత్నించడానికీ మధ్యలో ఒక్క వేసవే దొరుకుతుంది. అందుకని డి ఆంజాలో ఉండగానే ఆనర్స్ ప్రోగ్రామ్‌లో చేరమనండి. తరగతులు చిన్నవిగా ఉంటాయి, లెక్చరర్లు పేరుపేరునా తెలుస్తారు.

వీసా సంగతి మాత్రం మీరు ఈ వారమే పట్టించుకోవాలి. హెచ్4 మీద ఉన్నవారు కాలిఫోర్నియా నివాసితులుగా ఫీజు కట్టే అర్హత పొందవచ్చు కానీ, 21 ఏళ్లు నిండగానే హెచ్4 ముగుస్తుంది. మీ అమ్మాయికి అది ట్రాన్స్‌ఫర్ అయిన తర్వాత, మూడో ఏడాదిలోనో నాలుగో ఏడాదిలోనో వస్తుంది. అప్పుడు విద్యార్థి వీసా అయిన ఎఫ్1కు మారవలసి వస్తే, యూసీలో నాన్‌రెసిడెంట్ ఫీజు రూపంలో ఏడాదికి 30 వేల డాలర్లకు పైగా అదనంగా పడే ప్రమాదం ఉంది. మరోవైపు హెచ్4 మీద ఉన్న పిల్లలకు జీతం వచ్చే ఇంటర్న్‌షిప్ చేసే వీలు లేదు, ఎఫ్1 మీద నిబంధనలకు లోబడి ఆ వీలు ఉంటుంది. ఎప్పుడు మారాలన్నది మీ గ్రీన్‌కార్డు వరుస చూసి ఇమిగ్రేషన్ లాయర్ చెప్పవలసిన విషయం; ఫీజు మీద దాని ప్రభావం ఏమిటన్నది యూసీ రెసిడెన్సీ ఆఫీసును అడిగి రాతపూర్వకంగా తీసుకోండి. బయటి రాష్ట్రం యూనివర్సిటీకి వెళ్లినా వీసా చిక్కు తప్పదు, ఫీజులో వచ్చే తేడా మాత్రం ఇక్కడే ఎక్కువ.

సీటు వచ్చిన యూనివర్సిటీకి మీ నిర్ణయం సాధారణంగా మే 1లోగా తెలపాలి. ఈలోగా అమ్మాయిని డి ఆంజాలోని కౌన్సెలర్‌తో ఒకసారి మాట్లాడనివ్వండి, మీరు పక్కన కూర్చున్నా ప్రశ్నలు ఆమెనే అడగనివ్వండి. ఆరు క్వార్టర్లకు తను వేసుకున్న కోర్సుల పట్టికను కౌన్సెలర్‌కు చూపించి, అందులో తప్పులు దిద్దించుకుని వస్తే, బయటి రాష్ట్రం సీటు నిశ్చింతగా వదులుకోవచ్చు.