ఆరో నెల గర్భం, రోజుకు పది ట్రమడాల్ మాత్రలు: ఎలా మాన్పించాలి?

ప్రశ్న: మా అమ్మాయికి ఆరో నెల. నడుంనొప్పికని మొదలుపెట్టిన ట్రమడాల్ 50 మి.గ్రా. మాత్రలు ఇప్పుడు రోజుకు పది వేసుకుంటోంది. మొన్న దాచేస్తే ఒక్క రోజుకే చెమటలు, వాంతులు, విరేచనాలు. భయపడి మళ్లీ ఇచ్చేశాం. ఎలా మాన్పించాలి? బిడ్డకేమైనా అవుతుందా?
– ఓ తల్లి, ఏలూరు జిల్లా

జవాబు: మళ్లీ ఇచ్చి మంచి పనే చేశారమ్మా. ట్రమడాల్ నల్లమందు కోవలోది. ఇంట్లో ఒక్కసారిగా ఆపేస్తే నెలలు నిండకుండానే నొప్పులు రావచ్చు. అలాగని ఇలాగే సాగనివ్వడమూ కుదరదు. రోజుకు 400 మి.గ్రా. దాటితే ఫిట్స్ ముప్పు పెరుగుతుంది, మీ అమ్మాయి 500 వేసుకుంటోంది. రేపే ప్రసూతి, మానసిక వైద్య విభాగాలు రెండూ ఉన్న పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి. ఎక్కడికో తేల్చుకోలేకపోతే మత్తు విముక్తి హెల్ప్‌లైన్ 14446కు ఉచితంగా ఫోన్ చేయొచ్చు. ఈలోగా ఫిట్స్ వచ్చినా, రక్తం కనిపించినా, బిడ్డ కదలికలు తగ్గినా 108 పిలవండి.

అక్కడ సాధారణంగా ట్రమడాల్ మానినప్పటి బాధలను అదుపులో ఉంచే, నాలుక కింద పెట్టుకునే బ్యూప్రినార్ఫిన్ మాత్ర మొదలుపెడతారు. చివరి ట్రమడాల్ తర్వాత కనీసం 12 గంటలు ఆగి, ఆవులింతలు, ముక్కు కారడం మొదలయ్యాకే తొలి మోతాదు ఇస్తారు. తొందరపడితే మొన్నటి బాధలన్నీ ఇంకా తీవ్రంగా మీదపడతాయి. మాత్ర పూర్తిగా కరగాలి, మింగేస్తే పెద్దగా పనిచేయదు. ‘ఒక మత్తు పోయి ఇంకో మత్తు’ అనే చుట్టాల మాట పట్టించుకోకండి. చివరి నెలల్లో మోతాదు పెంచాల్సి రావచ్చు. గర్భంలో మందు త్వరగా ఖర్చవుతుంది, అంతే.

కాన్పు రోజు కూడా ఈ మందు ఆపకూడదు. కేస్ షీట్ మీద పెద్దక్షరాలతో రాయించండి: నొప్పులకు పెంటజోసిన్ ఇంజెక్షన్ వద్దు, బిడ్డకు నాలోక్సోన్ (నల్లమందు కోవ మందులకు విరుగుడు) వద్దు. మొదటిది తల్లికి మందు మానేసినప్పటి బాధలన్నీ తెస్తుంది, రెండోది బిడ్డకు ఫిట్స్ తెప్పించవచ్చు. ఎపిడ్యూరల్ (నొప్పి తెలియకుండా వెన్నులో ఇచ్చే మందు) ఇవ్వొచ్చు.

పుట్టాక బిడ్డకు మందు అందడం ఆగిపోతుంది కాబట్టి సాధారణంగా మూడు రోజుల్లోపు, ఒక్కోసారి ఇంకా ఆలస్యంగా, కీచుమనే ఏడుపు, వణుకు, తుమ్ములు, పలచటి విరేచనాలు కనిపించవచ్చు. అందుకే 4 నుంచి 7 రోజులు ఆసుపత్రిలోనే ఉంచాలి. చక్కెర, కాల్షియం తగ్గినా, ఇన్ఫెక్షన్ ఉన్నా వణుకు వస్తుంది, వాటికి పరీక్షలు చేస్తారు. చాలామంది పిల్లలకు తల్లి ఒడే మందు: మసక వెలుతురు, గుడ్డలో చుట్టడం, చర్మానికి చర్మం తగిలేలా ఎత్తుకోవడం, అడిగినప్పుడల్లా పాలు. పరామర్శకు వచ్చేవాళ్లను ఆ వారం గుమ్మం బయటే ఆపండి. ఇన్ని చేసినా సరిగా పాలు తాగకపోయినా, కనీసం గంట నిద్రపోకపోయినా, ఎత్తుకున్న పది నిమిషాలకూ ఏడుపు మానకపోయినా అప్పుడు కొద్దిగా మార్ఫిన్ ద్రావణం నోట్లో వేస్తారు. లక్షణాలు తగ్గేకొద్దీ దాన్నీ తగ్గించి ఆపేస్తారు.

బ్యూప్రినార్ఫిన్ మీద నిలకడగా ఉంటే తల్లిపాలు ఇవ్వొచ్చు, ఇస్తేనే బిడ్డకు మేలు. కాన్పయింది కదా అని మందు మాన్పించకండి. పాత మాత్రల వైపు మళ్లే ప్రమాదం అప్పుడే ఎక్కువ. ఎప్పుడు తగ్గించాలో సైకియాట్రిస్టే చెబుతారు.