హాబీ షాపు లేని ఊళ్లో లారీ మోడల్ మొదలుపెట్టడం ఎలా?

తమ్ముడూ, గుణుపురం హాస్టల్లో ఉంటున్నానన్నావు. దగ్గర్లో హాబీ షాపు లేదు, ఎయిర్‌బ్రష్ (గాలితో రంగు చిమ్మే చిన్న గన్) లేదు, విదేశీ కిట్‌కి (ముక్కలు అతికించి బండి చేసుకునే పెట్టెకి) వేలు పోయక తప్పదా, పోసినా అది మన సాలూరు-కోరాపుట్ రోడ్డు మీద తిరిగే లారీలా కనిపిస్తుందా అని అడిగావు. నేను కోరాపుట్‌లో ఉంటాను, ఈ పిచ్చి నాకు చాలా ఏళ్లుగా ఉంది. కిట్ కొనకు, మొదటిసారి అసలే వద్దు. బొమ్మల కొట్లోనో జాతరలోనో దొరికే ప్లాస్టిక్ లారీ ఒకటి తెచ్చి, విప్పి, రంగు మార్చు.

1:24 స్కేల్‌లో, అంటే అసలు బండిలో 24వ వంతు సైజులో, ఇటలేరి, రెవెల్ లాంటి కంపెనీల ట్రక్కు కిట్లు బాగుంటాయి, కాదనను. కానీ అవన్నీ యూరప్, అమెరికా బళ్లు. ముక్కలు వందల్లో ఉంటాయి. ఛాసిస్ ఒక్క పిసరు వంకర వచ్చినా ఆఖర్న నాలుగు చక్రాలూ నేలకి ఆనవు. అంత కష్టపడి చేసేది మన ఘాట్ రోడ్డు మీద ఎప్పుడూ చూడని బండి! ముక్కు ముందుకి పొడుచుకొచ్చిన మన పాత టాటా లారీ కిట్ నా కంట ఇంతవరకు పడలేదు. బొమ్మ లారీకి ఆ రూపం ముందే ఉంటుంది, తక్కువైంది రంగు, మురికి మాత్రమే. ఆ రెండూ నేర్చుకుంటే చాలావరకు పని వచ్చినట్టే.

కొనేటప్పుడు చక్రం కొలువు. లారీలకి మామూలుగా వాడే 10.00-20 టైరు అడ్డం సుమారు 1055 మిల్లీమీటర్లు. 1:24లో అది 44 మిల్లీమీటర్లు అవుతుంది. నీ బొమ్మ టైరు 25 ఉంటే స్కేల్ దాదాపు 1:42 అన్నమాట. బొమ్మలు చేసేవాళ్లు చక్రాలు ఒక కొలతలో, క్యాబిన్ ఇంకో కొలతలో చేస్తుంటారు కాబట్టి తలుపు ఎత్తు కూడా కొలిచి చూసుకో. మరీ తేడా ఉన్నది తీసుకోకు, ఎంత బాగా రంగేసినా బొమ్మలాగే ఉంటుంది.

ఇంటికి తెచ్చాక అడుగున స్క్రూలు విప్పేసి, లోపల కనపడని చోట చిన్న ముక్క కోసి నీళ్ల గ్లాసులో వెయ్. మునిగితే పాలీస్టైరీన్ ప్లాస్టిక్కో ఏబీఎస్ ప్లాస్టిక్కో అయ్యుంటుంది, జిగురూ రంగూ రెండూ పట్టుకుంటాయి. తేలితే మాత్రం పాలీప్రొపిలీన్ రకం. దాని మీద ఏ జిగురూ సరిగా నిలవదు, రంగు గోరు తగిలితే పొర పొరగా లేస్తుంది. అలాంటిది తమ్ముళ్లకో మేనల్లుళ్లకో ఆడుకోడానికి ఇచ్చెయ్.

తర్వాత గిన్నెలు తోమే సబ్బుతో కడిగి ఆరబెట్టు. అచ్చులోంచి తేలిగ్గా ఊడిరావడానికి పూసే నూనె ప్లాస్టిక్ మీద మిగిలిపోతుంది, అది పోకపోతే ప్రైమర్ (రంగు కింద వేసే మొదటి పూత) పట్టదు. అచ్చు అతుకు గీతలు బ్లేడుతో గీకి, 400 నంబరు వాటర్ పేపర్ (తడిపి వాడే గరుకు కాగితం), ఆ తర్వాత ఇంకా నున్నటి 800తో తడిపి రుద్దు. అద్దాల ముక్కలు అతికించడానికి ఫెవిక్విక్ వద్దు, ఆవిరికి అద్దం తెల్లగా మసకబారుతుంది. ఫెవికాల్ చాలు, ఆరితే కనపడదు.

రంగు దగ్గర నీ ప్రశ్నకి సూటిగా చెప్తాను: ఎయిర్‌బ్రష్ ఇప్పుడు అవసరం లేదు. ప్రైమర్‌కి ఆటోమొబైల్ కొట్లో దొరికే బూడిద రంగు స్ప్రే డబ్బా సరిపోతుంది. అందులో థిన్నర్ ఘాటుగా ఉంటుంది, కొన్ని ప్లాస్టిక్‌లని కొరికేస్తుంది, ముందు అడుగుభాగం మీద కొట్టి చూడు. డబ్బాని గోరువెచ్చని నీళ్లలో కాసేపు ఉంచితే తుంపర సన్నగా వస్తుంది. పొయ్యి మీద కానీ మరిగే నీళ్లలో కానీ పెట్టకు, పేలుతుంది. ఒక జానెడు దూరం నుంచి, చెయ్యి ఆపకుండా, బండి దాటాక వదిలేలా కొట్టు. ప్లాస్టిక్ కనపడుతూ ఉండగానే ఆపి, ఆరాక మళ్లీ కొట్టు. ఒకేసారి కప్పేద్దామనుకుంటే రివెట్లూ తలుపు గీతలూ రంగులో మునిగిపోతాయి.

వాతావరణం మన వైపు పెద్ద తలనొప్పి. జులై నుంచి సెప్టెంబర్ దాకా కోరాపుట్‌లో మబ్బు ఇంట్లోకి వచ్చి కూర్చుంటుంది. థిన్నర్ గబగబా ఆవిరవుతూ ఉపరితలాన్ని చల్లబరుస్తుంది, గాలిలో తేమ అక్కడ చేరి రంగు పాలిపోయినట్టు తెల్లబడుతుంది. మీ గుణుపురం కొండ మీద కాకుండా పల్లంలో ఉంది కాబట్టి మబ్బు గొడవ లేకపోవచ్చు, వానాకాలం తేమ మాత్రం తప్పదు. స్ప్రే పనులు నేను నవంబర్ నుంచి మార్చి మధ్య, మధ్యాహ్నం పూట పెట్టుకుంటాను. వానల్లో కోయడం, రుద్దడం, అతికించడం కానిచ్చుకోవచ్చు.

ప్రైమర్ మీద స్టేషనరీ కొట్లో దొరికే ఫెవిక్రిల్, క్యామెల్ ఆక్రిలిక్ రంగులు బ్రష్‌తో వేసుకోవచ్చు. డబ్బాలోంచి తీసింది తీసినట్టు కాకుండా నీళ్లు కలిపి పాలలా పల్చగా చేసి, రెండు మూడు పూతలు వెయ్. లారీ కాబట్టి బ్రష్ గీతలు కొంచెం మిగిలినా పర్లేదు. కారైతే అవే గీతలు వెక్కిరిస్తాయి. అందుకే తెల్ల అంబాసిడర్ చేద్దామని నీకు ఉబలాటం ఉన్నా దాన్ని తర్వాతకి పెట్టుకో. మెరిసే తెలుపు కన్నా కష్టమైన రంగు ఈ హాబీలో లేదని నా అభిప్రాయం.

ఇక తుప్పు, దుమ్ము. అసలు సరదా ఇక్కడే. తుప్పు రావాలనుకున్న చోట ముందు గోధుమ రంగు వేసి, ఆరాక దాని మీద హెయిర్ స్ప్రే కొట్టు. అదీ ఆరాక పైన క్యాబిన్ రంగు ఆక్రిలిక్‌తో వేసి, పూర్తిగా గట్టిపడకముందే తడి బ్రష్‌తో నెమ్మదిగా రుద్దు. హెయిర్ స్ప్రే నీళ్లకి కరిగి, పైరంగు పెచ్చులుగా ఊడి కింద తుప్పు బయటపడుతుంది. మరీ ఎక్కువ ఊడగొట్టకు. రోజూ తిరిగే లారీకి తుప్పు బంపర్ అంచున, మెట్టు దగ్గర, బాడీ ఇనుప పట్టీల మీద ఉంటుంది కానీ పైకప్పు మధ్యలో ఉండదు.

దీని మీద వార్నిష్ ఒక పూత వేసి ఆరనిచ్చాక, చిత్రకారులు వాడే బర్న్ట్ అంబర్ (ముదురు గోధుమ) ఆయిల్ రంగుని టర్పెంటైన్‌లో బాగా పల్చన చేసి సందుల్లోకి వదులు. మిగిలింది గుడ్డతో పైనుంచి కిందకి తుడువు. వాన నీళ్లు కారేదీ అటే. ఆక్రిలిక్ మీద ఆయిల్ వెయ్యొచ్చు, స్ప్రే డబ్బా రంగు మాత్రం ఆఖర్న కొట్టకు, ఘాటు థిన్నర్ కింది పూతల్ని లేపేస్తుంది.

దుమ్ముకి పౌడర్లు తెప్పించుకోనక్కర్లేదు. సుంకి ఘాట్ ఎక్కాక పొట్టంగి, సెమిలిగుడ వైపు రోడ్డు పక్కన ఉండే ఎర్రమట్టి ఎండబెట్టి, నూరి, పల్చటి గుడ్డలో జల్లించి వాడతాను. మట్టి దొరక్కపోతే ముగ్గులేసే ముందు అరుగులకి పూసే జాజు ఉంది, అదీ ఇనుప ఆక్సైడే. పొడి బ్రష్‌తో మడ్‌గార్డుల లోపల, వెనక చక్రాల వెనక, డీజిల్ ట్యాంకు మీద అద్దు. వెనక తలుపు మీద ఎక్కువ వెయ్, బండి రేపిన దుమ్మంతా సుడి తిరిగి అక్కడే పడుతుంది. ముందు అద్దం మీద మాత్రం వైపర్ తిరిగిన మేర శుభ్రంగా వదిలెయ్. మ్యాట్ వార్నిష్ కొడితే దుమ్ము రంగు ముదురుతుంది, కాబట్టి ముందే కాస్త లేతగా పెట్టుకో.

సెమిలిగుడలో టీకి ఆగిన లారీల్ని నేను ఫోన్‌లో ఫొటోలు తీసుకుంటుంటాను. డ్రైవర్లు మొదట ఫైనాన్స్ వాళ్లు పంపిన మనిషేమోనని అనుమానంగా చూస్తారు. బొమ్మ కోసమని చెప్తే మాత్రం వాళ్లే బానెట్ ఎత్తి చూపిస్తారు, ఒకాయనైతే తన బండి పాత రంగు ఏదో కూడా చెప్పి ఎందుకు మార్చాడో పావుగంట వివరించాడు. నీ దగ్గర రాయగడ వైపు వెళ్లే బళ్లున్నాయి, అవి చాలు.

చెక్క బాడీ కావాలంటే ఐస్‌క్రీమ్ పుల్లలు నిలువునా చీల్చి అతికించు. అసలు లారీ బాడీ కూడా పలకలే కదా. రాతలకి మూడు సున్నాల (000 సైజు) సన్న బ్రష్ తీసుకో. అసలు బండి మీద 10 సెంటీమీటర్ల అక్షరం 1:24లో 4 మిల్లీమీటర్లే అవుతుంది, 'జై జగన్నాథ్' అని రాయడానికి ఓపిక కావాలి. డెకాల్ కాగితం (నీళ్లలో ముంచితే బొమ్మ ఊడొచ్చి అంటుకునే స్టిక్కర్ కాగితం) మీద ప్రింట్ తీసుకోవచ్చు కానీ మామూలు ప్రింటర్‌లో తెల్ల సిరా ఉండదు, తెల్ల అక్షరాలు రావు. ఇంక్‌జెట్ ప్రింటైతే నీళ్లలో ముంచే ముందు పైన వార్నిష్ కొట్టాలి, లేదంటే సిరా కరిగిపోతుంది.

నంబర్ ప్లేట్ పసుపు మీద నల్ల అక్షరాలు. ఒడిశా బళ్లకి 2012 దాకా ఓఆర్, ఆ తర్వాత ఓడీ. కోరాపుట్‌కి 10, మీ రాయగడ జిల్లాకి 18. సాలూరు పాత లారీ చేస్తే ఏపీ 35 వెయ్, 2019 దాకా అది విజయనగరం జిల్లా నంబరు, సాలూరు అప్పుడు ఆ జిల్లాలోనే ఉండేది. ముక్కు మీద గుర్తు కూడా చూసుకో. టాటా, జర్మనీ కంపెనీ డైమ్లర్-బెంజ్ ఒప్పందం 1954లో మొదలై 1969లో ముగిసింది, కాబట్టి మూడు మొనల బెంజ్ నక్షత్రం ఆ కాలపు బండికే నప్పుతుంది.

హాస్టల్ గదిలో మాత్రం స్ప్రే కొట్టకు. మేడ మీదకి వెళ్లు, గాలికి వీపు పెట్టి నిలబడి, అట్టపెట్టె లోపల బొమ్మ పెట్టి కొట్టు. గుడ్డ మాస్కు థిన్నర్ ఆవిరిని ఆపదు, కార్బన్ ఫిల్టర్ ఉన్న మాస్కు కొనుక్కో. ఎయిర్‌బ్రష్ డబ్బులు మిగిలాయి కదా, ముందు దీనికి పెట్టు. కొట్టాక బొమ్మ మీద ప్లాస్టిక్ టబ్ బోర్లించు, ఆరేలోపు దుమ్మూ పురుగులూ అంటుకోకుండా ఉంటాయి. ప్రైమర్ అయ్యాక ఫొటో పెట్టు, పూత మందమైందో లేదో చూసి చెప్తాను.